మూడు మాత్రలు మిగిలితే

రాజపాళయం కుక్కది తెల్లటి ఒళ్లు. చిన్న పుండు లేచినా ఊరంతటికీ కనబడుతుంది. తమిళనాడులోని కారియాపట్టిలో మా పక్కింటి మామ కుక్కకు గజ్జి పట్టి, వీపున వెంట్రుకలు రాలిపోయాయి. "ఏమిస్తివి మామా?" అంటే చొక్కా జేబులోంచి సగం చిరిగిన మాత్రల అట్ట తీశాడు. మనవడికి గొంతునొప్పని కొన్న యాంటీబయాటిక్. మూడు మిగిలాయట. "పారేసేకన్నా నోరులేని జీవానికి పెడితే పుణ్యం గదప్పా!"

పుణ్యం మాటెలా ఉన్నా, గజ్జి పురుగుకు ఆ మాత్ర తగలనే తగలదు. తగిలేది చర్మం మీద మామూలుగా కాపురముండే బాక్టీరియాకు. లొంగేవి చస్తాయి, లొంగనివి ఆ చోటంతా కబ్జా చేస్తాయి. కుక్కల చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ సూడింటర్‌మీడియస్ అలాగే మొండికేసింది. మెక్‌ఏ అనే జన్యువు చేతికొస్తే చాలు, అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ దానికి మంచినీళ్లే. పశువైద్యశాల బల్ల, వెంట్రుకలు కత్తిరించే మిషను, కడగని చేయి: ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఇవే దారులు. ఒంటి మీద గాయమున్న మనిషికి అంటుకోవడం అరుదే గానీ, లేకపోలేదు.

అది కుక్కల మందు, ఇది మనుషుల మందు అనుకుంటాం. పశువులకని చేసిన ఎన్రోఫ్లాక్సాసిన్ కుక్క ఒంట్లోకి వెళ్లాక కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. డాక్టరు మనకు రాసిచ్చే ఆ సిప్రోనే!

ఈ కలగలుపు కొత్తదేం కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్న కాలంలోనే తొలి టెట్రాసైక్లిన్, ఆరియోమైసిన్, వచ్చింది. 1948లో. మనవాడని ఇక్కడి తెలుగువాళ్లమూ మురిసిపోతాం. కొద్ది ఏళ్లకే ఆ మందును కోళ్లు బరువెక్కాలని దాణాలో కలిపారన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. మన ప్రభుత్వం 2019లో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మాంసం, పాలు, గుడ్లిచ్చే జీవాలకు నిషేధించింది. మంచి పనే. ఇంటి కుక్క ఆ లెక్కలోకి రాదు.

మామను తిట్టి లాభం లేదు. ప్రతి పుండుకూ కల్చర్ పరీక్ష చేయించమంటే రోజులూ డబ్బూ రెండూ కావాలి. అయితే పైపైన లేచిన పుండ్లకు మాత్రల జోలికి పోకముందే క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో స్నానం చేయించమని పశువైద్య నిపుణుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. అసలు గజ్జికి మందు వేరే ఉంది. ఈ రెండు ముక్కలూ చెప్పి, కుక్కకు చీటీ రాసే ముందు చేతులు కడుక్కునే వైద్యుడు నాకు చాలు. కొత్త మందు కనిపెట్టేవాడి కోసం తర్వాత చూద్దాం.

ఇదంతా మామకు చెప్పాను. ఓపికగా విన్నాడు. కుక్కను ఆసుపత్రికి తోలుకుపోతానన్నాడు. మాత్రల అట్టను మడిచి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"ఆవుకైనా పనికొస్తుందిలే."

— రేగడివాసి