ఉచిత కౌన్సెలింగ్ ఎవరి ఖర్చుతో?

2023-24లో అమెరికాలో చదువుకున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో 56 శాతం తెలుగు రాష్ట్రాలవాళ్లేనని హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్ 2024లో చెప్పింది. ఈ లెక్క విని మురిసిపోయినవాళ్లున్నారు, దిగులుపడినవాళ్లూ ఉన్నారు. డల్లాస్‌లో బాబాయి ఉన్న కుర్రాడూ, ఇంటిల్లిపాదిలో మొదటిసారి డిగ్రీ చదివిన అమ్మాయీ ఆ లెక్కలో ఒకటే. ఏ యూనివర్సిటీ మంచిదో, ఏది ఉత్త బోర్డో ఆ కుర్రాడికి ఒక్క వాట్సాప్ కాల్‌తో తెలిసిపోతుంది. అనకాపల్లి జిల్లా మాడుగుల నుంచో చోడవరం నుంచో ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ పూర్తిచేసిన అమ్మాయికి చెప్పే దిక్కు విశాఖ ద్వారకానగర్ కన్సల్టెన్సీయే. మొదటితరం విద్యార్థికి డబ్బుకన్నా ముందు కొరవడేది అమ్మకంతో సంబంధం లేని సలహా. దాన్ని ఏర్పాటు చేయాల్సింది ప్రభుత్వమేనని నా వాదన.

కన్సల్టెన్సీలు చాలావరకు పైసా తీసుకోకుండా కౌన్సెలింగ్ ఇస్తాయి. విద్యార్థి చేరాక కమీషన్ యూనివర్సిటీ నుంచి వస్తుంది కాబట్టి వాటికి నష్టం లేదు. అమెరికా తన సొంత విద్యార్థుల విషయంలో ఈ పద్ధతిని ఒప్పుకోదు. ఫెడరల్ సాయం పొందే కాలేజీలు తలకింత అని కమీషన్ ఇచ్చి విద్యార్థుల్ని చేర్చుకోకూడదని అక్కడి చట్టం. ఆ సాయానికి అర్హత లేని విదేశీ విద్యార్థులకు మాత్రం అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. తమ పిల్లలకు చేటని తేల్చిన పద్ధతి మన పిల్లలకు వచ్చేసరికి మామూలు వ్యాపారమైందన్నమాట. అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం దిమ్మలు తెచ్చిన రైతుకు కమీషన్ ఎవరు తీసుకుంటున్నారో తెలుసు. కొడుకును విదేశానికి పంపుతున్నప్పుడు అదే రైతుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. అసలు నష్టం చెప్పకుండా వదిలేసిన దారుల్లో ఉంది. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజే లేదు. అమెరికాలో సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీ సీట్లలో చాలావాటికి ఫీజు మాఫీతో పాటు నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఖర్చంతా భరిస్తుంది. పేదింటి విద్యార్థికి బాగా పనికొచ్చే ఈ దారుల్లో మధ్యవర్తికి మిగిలేది దాదాపు సున్నా.

ఈ లోటుకు మన పిల్లలు ఇప్పటికే మూల్యం చెల్లించారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో బూటకపు ట్రై వ్యాలీ యూనివర్సిటీపై దాడులు జరిగాక అందులోని విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులనీ, వాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువనీ బయటపడింది. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. 2019లో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ అధికారులే పన్నిన వల. విద్యార్థుల్ని చేర్పించిన ఎనిమిది మందిపై కేసులు పెట్టారు, వందకు పైగా విద్యార్థుల్ని అదుపులోకి తీసుకున్నారు. క్లాసులు లేని కాలేజీ అని తెలిసే చేరారన్న విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కానీ అంతవరకూ నెట్టింది చాలామంది విషయంలో మొదటి కాలేజీ తప్పు ఎంపిక, దానికోసం చేసిన అప్పు.

పేదవాడికి కావాల్సింది డబ్బేగానీ సలహా కాదని కొందరంటారు. ప్రధానంగా ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే కేంద్ర నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏడాదికి 125 మాత్రమే కాబట్టి డబ్బు చాలదన్న మాట నిజమే. అయితే ఆ 125లో ఒకటి దక్కాలన్నా క్యూఎస్ ర్యాంకింగ్‌లో మొదటి 500 యూనివర్సిటీల్లో ఒకదాని నుంచి షరతుల్లేని అడ్మిషన్ లెటర్ ముందు చేతిలో ఉండాలి. ఆ లెటర్ తెచ్చుకునే ఏడాదిన్నర పనికి ఏ పథకమూ లేదు. ఇక బ్యాంకు రుణం సంగతికొస్తే, ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా హామీ ఆస్తి అడుగుతారు. పొలాన్ని చాలా బ్యాంకులు హామీగా తీసుకోవు. ఇల్లు తాకట్టు పెట్టే కుటుంబానికి, ఈ కోర్సు చదివితే అప్పు తీరుతుందా అని లెక్కగట్టి చెప్పే మనిషి కావాలి.

అంతా ఇంటర్నెట్‌లోనే ఉందిగా అన్నది మరో మాట. ఉంది, అందులో పెయిడ్ ప్రకటనలూ ఉన్నాయి. ఏది ప్రకటనో పసిగట్టడం కూడా ఇంట్లో చదువుకున్నవాళ్లుంటేనే అలవడే విద్య. 2021లో ఆంధ్రా యూనివర్సిటీలో మొదలైన అమెరికన్ కార్నర్ మంచి పనే చేస్తోంది. కానీ అది అమెరికా గురించే చెబుతుంది, జర్మనీ మేలని చెప్పడం దాని పని కాదు. ఇక ప్రజల సొమ్ముతో వలసను ప్రోత్సహించాలా అన్న ప్రశ్న. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, ఉద్యోగం చేసి అప్పు తీరుస్తామన్న పాత లెక్క మీద అనుమానాలు మొదలయ్యాయి. ‘ఈ ఏడాది వెళ్లొద్దమ్మా, ఇక్కడే గేట్ రాయి’ అనగలిగేది కమీషన్ లేనివాడే. కాబట్టి ప్రభుత్వ సలహా వల్ల వలస పెరగడమే కాదు, తగ్గడానికీ వీలుంది.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. 2022లో కొత్త జిల్లా అయిన అనకాపల్లిలో శాఖా గ్రంథాలయాల్లో ఒకచోట వారానికి రెండు రోజులు జీతం తీసుకునే సలహాదారు కూర్చోవచ్చు, మిగతా రోజుల్లో డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్లొచ్చు. మూడో ఏడాది విద్యార్థుల జాబితా కాలేజీల దగ్గర ఎలాగూ ఉంటుంది. కన్సల్టెన్సీలు ఏ యూనివర్సిటీ నుంచి ఎంత కమీషన్ తీసుకుంటున్నాయో దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన కూడా పెడితే, అప్పుడు ద్వారకానగర్‌కు వెళ్లినా ఫర్వాలేదు.