చేతివాటమే చాలునను వాదము

“మెకానిక్కునకు పుస్తకమేల? అతని చేయియే అతనికి శాస్త్రము” అను మాట నిజామాబాదునుండి బోధను వరకు గల షెడ్లయందును, బండి యజమానుల నోళ్లయందును, చదువుకొన్నవారి సంభాషణలయందును సమానముగా వినవచ్చుచుండును. వినువారికిది మెచ్చుకోలుగా తోచును. నా దృష్టికిది మెచ్చుకోలు కాదు. పనివానికి న్యాయముగా దక్కవలసిన విద్యను దక్కనీయకుండుటకు మనము కల్పించుకొన్న సాకు. మోటారుసైకిలు వర్క్‌షాప్ మాన్యువల్ కంపెనీవారి బీరువాలో దాగవలసిన రహస్యము కాదనియు, బండి కొన్న ప్రతివానికిని, బండి విప్పు ప్రతివానికిని చేరవలసిన గ్రంథమనియు నా నిశ్చితాభిప్రాయము.

షోరూములో బండితోపాటు చేతికిచ్చెడి చిన్నపుస్తకము పెట్రోలెక్కడ పోయవలెనో, సర్వీసింగునకెప్పుడు రావలెనో చెప్పి ఊరకుండును. వర్క్‌షాప్ మాన్యువల్ వేఱు. హెడ్డు నట్లను ఏ వరుసలో, ఎన్ని విడతలుగా, ఎంత బలముతో బిగింపవలెనో, పిస్టనునకును బోరునకును నడుమ నెంత ఎడముండవలెనో, రింగు ఎంత అరుగువరకు వాడవచ్చునో, ఏ కొలత దాటినచో మార్చి తీరవలెనో మిల్లీమీటరులో శతాంశములతో సహా నిర్ణయించి చెప్పునది అది.

ఉస్తాదుల నైపుణ్యమును తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. ఇంజను విప్పకయే, దాని శబ్దమును మాత్రము విని, కనెక్టింగ్ రాడ్డు బేరింగు పోయినదని చెప్పగలవారు మన షెడ్లలో నున్నారు; వారియెడ నాకు గల గౌరవము కొంచెమైనది కాదు. అయినను నాడి పట్టుటలో ఆరితేరిన వైద్యుడు చరకసంహితను పారవైచునా? చెవి లోపమును పట్టును గాని కొలతను చెప్పజాలదు. శతాంశముల తేడా వ్రేలికి తెలియదు. చేతిబలమునే నమ్మి బిగించిన పానా అల్యూమినియము హెడ్డులోని మరలను తినివేయుట షెడ్డులో పనిచేసిన వారందఱు నెఱిగినదే.

యెజ్డీ బండినే చూడుడు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961లో చెకోస్లొవేకియా నమూనాపై జావా బండ్లను తయారుచేయ నారంభించి, పిమ్మట యెజ్డీ పేరుతో వానిని సాగించి, 1996లో మూతపడినది. పెట్రోలులో నూనె కలిపి నడుపవలసిన టూ స్ట్రోకు బండి యది. “నూనె కొంచెమెక్కువే పోయుము, ఇంజనునకు మంచిది” అనుట తరతరముగా వచ్చుచున్న ఉపదేశము. ఇది మంచి మనసుతో చెప్పిన మాటయే కాని, పొరపాటు మాట. కార్బ్యురేటరు జెట్టు గుండ పోవు ద్రవములో నూనె పాలు పెరిగినకొలది పెట్రోలు పాలు తగ్గును. గాలికి తగిన పెట్రోలు అందక ఇంజను వేడెక్కును. కాలక మిగిలిన నూనె మసియై గట్టిపడి సైలెన్సరు దారిని మూయును. ఇంజనును కాపాడవలెనని పోసిన నూనెయే దానికి చేటు తెచ్చును. ఇక గేరు లీవరే కిక్కు లీవరై, గేరు వేయునపుడు క్లచ్చి తనంతట తాను విడునట్లు చేసిన ఆ బండి అమరికను తెలియక విప్పినవాడు మరల కూర్చుటకు పడు అవస్థ చెప్పనలవి కాదు. కర్మాగారమే లేనపుడు ఎవరి నడుగవలెను? హైదరాబాదులో ఆబిడ్సు కాలిబాటపై ఆదివారము పఱచు పాతపుస్తకముల గుట్టలలో వెదకి, అట్టలేని ప్రతి దొరికినచో దానిని జిరాక్సు తీయించుకొనుట తప్ప గతిలేదు. ఒక దేశము తన యంత్రవిద్యను ఈ విధముగా కాలిబాట పాలు చేయుట నాకు మిక్కిలి బాధాకరము.

మాన్యువల్ బయటికిచ్చినచో తెలిసీ తెలియనివారు బండ్లను పాడుచేసి ప్రాణాపాయము తెత్తురని కంపెనీల పక్షము వాదించువారు కలరు. ఇట్టి వాదమునే కార్ల కంపెనీలును వినిపింపగా, భారత కాంపిటీషన్ కమిషన్ దానిని త్రోసిపుచ్చి, విడిభాగములను, సాంకేతిక సమాచారమును బయటి మెకానిక్కులకు అందనీయని 14 కంపెనీలపై 2014 ఆగస్టులో 2,500 కోట్ల రూపాయలకు మించిన జరిమానా విధించినది. దానిపై పిమ్మట అప్పీళ్లు నడచినను, బయటి మెకానిక్కునకు సమాచారము చేరుట న్యాయమను వాదమునకు ఆ తీర్పువలన బలము కలిగినది. పైగా పుస్తకము దాచినంతమాత్రమున షెడ్డు మూతపడదు. బండి విప్పుటయు ఆగదు. కొలత తెలియకుండ విప్పుట మాత్రము జరుగును. అపాయమనగా నదియే.

ఫోనులో వీడియో చూచిన చాలునను వారికొక మాట. వీడియోలో కనబడునది ఒకరి చేతిలోని ఒక బండి. అతడు చూపిన భాగము మీ బండికి సరిపడునో లేదో, అది ఎంతవరకు అరిగినను క్షేమమో వీడియో చెప్పదు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నియమములు వచ్చి, కార్బ్యురేటరు స్థానమున ఇంధన ఇంజెక్షను ప్రవేశించిన తరువాత ఈ కొఱత మఱింత తీవ్రమైనది. మీటరులోని హెచ్చరిక దీపము ఎన్నిసార్లు మినుకుమన్నదో దానినిబట్టి లోపమును చెప్పు బండ్లున్నవి. ఆ సంఖ్యకు అర్థము పుస్తకములో నున్నదే కాని, నలువదియేండ్ల అనుభవము గల చేతిలోను లేదు.

కొలతయొక్క విలువ మన నేలకు క్రొత్త కాదు. 1923 నుండి 1931 వరకు మంజీరపై నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యమున నిజాంసాగరము నిర్మింపబడినది. కాలువల వాలును కాగితముపై లెక్కగట్టి త్రవ్వించినందుననే నీరు బోధను మడులకు పాఱినది. ఆ నీటితో పెరిగిన చెఱకును ఆడుటకు శక్కర్‌నగరమున 1937లో చక్కెర కర్మాగారము వెలసినది. గడ్డపాఱ పట్టినవారి చేతులు గొప్పవే. అయినను లెక్క అక్కఱలేదని వారితో నెవరును చెప్పలేదు. ఆ కర్మాగారమును 2015 చివర మూతపడిన యీ కాలమున, పానా పట్టి బ్రతుకు తెరువు చూచుకొనెడి పడుచువానితో మాత్రము ఆ మాట యేల చెప్పవలెను?

1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. చెల్లించువారిలో షెడ్ల యజమానులును కలరు. కావున జిల్లా కేంద్ర గ్రంథాలయమునను, బోధను గ్రంథాలయమునను పోటీపరీక్షల పుస్తకముల సరసన బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100, స్ప్లెండర్ మాన్యువళ్లుంచుట న్యాయము. ఐ.టి.ఐ. బోధకులు వానిని “పానా”, “పాయింట్లు”, “బోరు” అను షెడ్డు మాటలతోనే తెనిగింపవచ్చును. తయారీ నిలిచిపోయిన బండ్ల మాన్యువళ్లనైన వెంటనే విడుదల చేయుడని కంపెనీలను జిల్లా గ్రంథాలయ సంస్థ వ్రాతపూర్వకముగా కోరవలెను. ఆ బండ్లనిపుడు అమ్మువారు లేరు గనుక, వ్యాపారము చెడునను అభ్యంతరము వారికిని ఉండదు.