దిగులు మందును గూర్చి

మన షోలాపురపు తెలుగు కుటుంబములలో చక్కెర జబ్బునకు బిళ్ళ వేసికొనువారు ఆ సంగతి నలుగురిలో నిస్సంకోచముగా చెప్పుకొందురు. దిగులునకు బిళ్ళ వేసికొనువారు దానిని బియ్యపు డబ్బాలో దాచుదురు. ఈ దాపరికము వలననే ఆ మందునకు లేనిపోని అపఖ్యాతి వచ్చుచున్నదని మా అభిప్రాయము. దాచిన మందు వేళకు పడదు. పిల్లను చూచుటకు పెండ్లివారు వచ్చుచున్నారనగా మొదట మానివేయబడునది అదియే.

సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూవోక్సిటిన్ అనునవి నేడు డాక్టర్లు తరచుగా వ్రాయు మందులు. ఇవి తలనొప్పి బిళ్ళల వంటివి కావు. గుణము కనబడుటకు రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు పట్టును. కడుపులో వికారము, నిద్ర చెదరుట మున్నగునవి మాత్రము కొందరికి మొదటి వారముననే కలుగును. అనగా ఖర్చు ముందు, రాబడి వెనుక. దుకాణము తెరచిన పదవనాడే లాభము రాలేదని తాళము వేయు వర్తకుని మేమెరుగము. మందు విషయమున మాత్రము మనవారు అట్లే చేయుచున్నారు.

నిమ్మళించిన వెంటనే మానుట మరియొక పొరపాటు. స్వస్థత చిక్కిన పిమ్మటను కనీసము ఆరు నెలలు వాడుమని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. ఒక్కసారిగా ఆపినచో తల తిరుగుట, చిరాకు, పీడకలలు, తలలో విద్యుత్తు తగిలినట్లు జిల్లుమనుట కలుగవచ్చును. అది చూచి బంధువులు ‘మందునకు బానిస యైనాడు’ అని తీర్పు చెప్పుదురు. కల్లు, నల్లమందుల వ్యసనము వేరు, ఇది వేరు. డాక్టరు చెప్పిన చొప్పున మోతాదు క్రమముగా తగ్గించుకొన్నచో ఈ బాధ చాలవరకు తప్పును.

పడుచువారి విషయమున ఇంటివారు మరింత మెలకువతో నుండవలెను. మందు మొదలిడిన తొలి వారములలో కొందరు యువకులకు ప్రాణము తీసికొనవలెనను తలంపులు హెచ్చవచ్చునని 2007లో అమెరికా ఔషధశాఖ 24 ఏండ్ల లోపువారిని గూర్చి హెచ్చరించినది. మందు మానిపింపుమని దీని భావము కాదు, కనిపెట్టి యుండుమని. అట్టి మాట నోట వచ్చినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక మన ప్రత్యేకమైన చిక్కు భాష. ముసలమ్మ ‘గుండెలో దిగులుగా నున్నది, ఎవరితోను మాటాడ బుద్ధి పుట్టదు’ అని తెలుగున చెప్పును. వెంటవచ్చిన మనుమడు ‘నిద్ర లేదు, నీరసము’ అని మరాఠీలో రెండు ముక్కలతో ముగించును. ఆమె వాడుచున్న ఇతర మందుల సంగతి ఆ పసివానికేమి తెలియును? ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, రక్తము పలుచబరచు మందులు తోడైనచో రక్తస్రావ భయము కలదు. నొప్పులకిచ్చు ట్రమడాలుతో కలియుట ప్రమాదకరము. రక్తపు పోటునకు మూత్రము జారీచేయు బిళ్ళలు వాడు వృద్ధులకు రక్తములో ఉప్పు తగ్గి మతి తప్పవచ్చును. కావున ఇంటనున్న బిళ్ళలన్నియు, నాటుమందులతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరు బల్లపై గ్రుమ్మరింపవలెను. రెండు భాషలును వచ్చిన పెద్దవారినే తోడు పంపవలెను.

మనలో మందుల దుకాణములు నడుపువారును కలరు. ఇవి చీటీ లేనిదే అమ్మరాని మందులు. ‘మనవాడే గదా’ యని ఏడాది నాటి చీటీపై ఇచ్చుట స్నేహము క్రింద లెక్కకు రాదు.

ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సేవ కలదు. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగున మాటాడవచ్చును. ఇది గాక, ఆసుపత్రికి తోడు వెళ్ళి మాట అందింపగల స్త్రీ పురుషుల పేర్లను సంఘము తరఫున వ్రాసి యుంచవలెనని వచ్చు సమావేశమున ప్రతిపాదింపనున్నాము. మొదటి పేరు మాదే వ్రాసికొనవచ్చును. సోమవారము మాత్రము దుకాణము వదలి రాజాలము.