వేలం ఇంట్లో ఎవరున్నారు?

పేపర్లో బ్యాంకు వేలం ప్రకటన కనబడితే చాలు, చాలా ఇళ్లలో లెక్కలు మొదలవుతున్నాయి. "చుట్టుపక్కల రేటు కంటే తక్కువకే వస్తుందట. రంగులు వేయించి, వంటగదికి టైల్స్ అతికించి అమ్మేస్తే నాలుగు రాళ్లు మిగులుతాయి" అని ఆయన అనడం, ఆవిడ బీరువాలోని నగల వైపు చూడటం. వ్యాపారం తప్పని నేననను. కానీ ఆ లెక్కలో ఒక ప్రశ్న ఎవరూ వెయ్యరు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు?

ముందు లాభం సంగతే చూద్దాం. వేలం ఇంటిని "ఉన్నది ఉన్నట్టుగా" అమ్ముతారు. ఇంటిపన్ను, కరెంటు, అపార్టుమెంటు మెయింటెనెన్స్ పాత బకాయిలు కొన్నవాళ్ల నెత్తిన పడొచ్చు. పాట దక్కితే ధరావతుతో కలిపి నాలుగోవంతు సొమ్ము ఆరోజే, లేదంటే మర్నాటి పనిదినానికల్లా కట్టాలి. మిగతాదానికి మామూలుగా 15 రోజులే గడువు. కట్టలేకపోతే ఇచ్చింది కూడా పోతుంది. కొన్నాక రెండేళ్లు నిండకుండా అమ్మితే, లాభాన్ని మామూలు ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, వేలంలో కొని చూడమని పెద్దవాళ్లు అనలేదు మరి!

అన్నిటికంటే పెద్ద చిక్కు స్వాధీనం. ప్రకటనలో అది రెండు రకాలు. ఇల్లు ఖాళీ చేయించి తాళం బ్యాంకు చేతిలో ఉండటం ఒకటి. గోడకు నోటీసు అంటించి, కాగితం మీద మాత్రమే స్వాధీనం చేసుకోవడం రెండోది. దీన్నే సింబాలిక్ పొజెషన్ అంటారు. అంటే లోపల ఆ కుటుంబం ఇంకా ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, పిల్లలు బడికెళ్లి వస్తున్నారు.

అలాంటి ఇల్లు కొనొద్దనే నా మాట. "మనం కాకపోతే ఇంకొకరు కొంటారు కదా" అంటారు. నిజమే. కానీ ఖాళీ చేయించడం బ్యాంకు బాధ్యత, దానికి మేజిస్ట్రేటు ద్వారా ఒక పద్ధతి ఉంది. అది ఆలస్యమైతే, వడ్డీకి డబ్బు తెచ్చినవాళ్లు తొందరపడతారు. నీళ్లు ఆపించడం, కరెంటు తీయించడం, నలుగురిని పంపి బెదిరించడం అక్కడే మొదలవుతాయి. ఆ పాపంలో మన గాజులు పెట్టుబడి కావడం నాకిష్టం లేదు.

ఇంకో సంగతి. బాకీ, ఖర్చులు పోగా వేలంలో మిగిలిన సొమ్ము, దానిమీద వేరే హక్కుదారు లేకపోతే, ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకే రావాలి. కనుక పాటదారులంతా కూడబలుక్కుని ధర పెరగకుండా చూస్తే, అది బ్యాంకును కాదు, ఆ ఇంటి ఇల్లాలిని దోచుకోవడం. ఖాళీ ఇంటిని న్యాయమైన ధరకు పాడి, బాగుచేసి అమ్ముకుంటే ఎవరి ఉసురూ తగలదు.

రేపు మనమే అవతలివైపు ఉండొచ్చు. గృహరుణంలో భర్తతోపాటు మనచేత కూడా సంతకం పెట్టిస్తారు. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే అది మొండిబాకీ. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, బ్యాంకు 60 రోజుల నోటీసిచ్చి, కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని అమ్మవచ్చు. ఆ నోటీసును ఆయన సొరుగులో దాచినా, ఆవిడ బయటికి తీసి చదవాలి. వేలం ప్రకటన పడేలోపు బాకీ మొత్తం కడితే ఇల్లు నిలుస్తుంది. బ్యాంకు పద్ధతి తప్పిందనుకుంటే, స్వాధీనం చర్య జరిగిన 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. హైదరాబాదులో, విశాఖలో ఇవి ఉన్నాయి.

ఈసారి వేలం ప్రకటన చూసినప్పుడు రిజర్వు ధర దగ్గరే ఆగిపోకండి. స్వాధీనం అన్నచోట ఏం రాశారో కూడా చదవండి. నగలు బయటికి తియ్యాలో వద్దో ఆ తర్వాత ఆలోచించవచ్చు. ఏమంటారు?