ఓటరు చదువలేని ఓటు

పూర్వము మన పల్లెలలో చదువురాని రైతు, కరణము వ్రాసిన పత్రముపై వేలిముద్ర వేయుచుండెడివాడు. పత్రములో ఏమున్నదో అతనికి చదివి వినిపించెడివారు. వినిపించినదియే వ్రాసియున్నదా అను సంగతి తేల్చుకొను సాధనము మాత్రము అతనికి లేదు. వ్రాసినవాడు ధర్మాత్ముడైనచో చిక్కు లేదు. కాని పేరునకు పత్రమున్నను, రైతు నమ్మినది వ్రాసినవానిని. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఓటుపత్రములపై ముద్రించెడి క్యూఆర్ కోడ్‌ను గూర్చి కొన్ని ఏండ్లుగా సాగిన వివాదమునకు మూలము ఈ పాత ప్రశ్నయే. అక్కడ వేలిముద్ర వేయు స్థితిలో నిలిచినవారు నిరక్షరాస్యులు కారు, చదువుకొన్న పౌరులే.

జార్జియాలో 2002 నుండి రాష్ట్రమంతటను కాగితము లేని ఓటింగు యంత్రములు వాడుకలోనికి వచ్చినవి. ఓటరు తెరను తాకుటయు, యంత్రము ఆ ఎంపికను తన జ్ఞాపకమున దాచుకొనుటయు తప్ప, మరల సరిచూచుకొనుటకు ఆధారమేమియు మిగిలెడిది కాదు. ఈ పద్ధతిని సవాలు చేయుచు 2017లో కొందరు పౌరులు న్యాయస్థానము నాశ్రయించిరి. 2019 ఆగస్టులో ఫెడరల్ న్యాయమూర్తి ఏమీ టోటెన్‌బర్గ్, ఆ యంత్రములను ఆ సంవత్సరముతో విడిచిపెట్టవలెనని ఆదేశించిరి. అప్పటికే రాష్ట్ర శాసనసభ కొత్త చట్టము చేసియుండెను. ఆ చట్టము ననుసరించి డొమినియన్ అను సంస్థ నుండి సుమారు 10 కోట్ల 70 లక్షల డాలర్ల వ్యయముతో కొత్త యంత్రములు కొనిరి. 2020 ఎన్నికలలో అవి రాష్ట్రమంతట పనిచేసినవి.

కొత్త పద్ధతి ఇట్లుండును. ఓటరు తెరపై తనకు నచ్చిన అభ్యర్థుల పేర్లను తాకును. యంత్రము ఒక కాగితమును ముద్రించి ఇచ్చును. దానిపై రెండు వ్రాతలుండును. మొదటిది ఓటరు ఎంచుకొన్న పేర్ల పట్టిక. అది మామూలు అక్షరములలో ఉండును. రెండవది నలుపు తెలుపు గళ్ళతో కూడిన చదరపు గుర్తు. అదియే క్యూఆర్ కోడ్. ఓటరు ఆ కాగితమును స్కానరులో వేయును. స్కానరు పేర్ల పట్టికను చదువదు. చదరపు గుర్తునే చదివి లెక్కించును. అనగా ఓటరు చదివి తృప్తిపడునది ఒకటి, లెక్కకు వచ్చునది మరియొకటి.

ఇందు క్యూఆర్ కోడ్ దోషమేమియు లేదు. 1994లో జపానునందు డెన్సో సంస్థ ఇంజనీరు మసహిరో హారాయు, ఆయన సహచరులును మోటారు విడిభాగముల జాడ తెలిసికొనుటకై దానిని రూపొందించిరి. గుర్తులో కొంత భాగము చెరిగినను, మిగిలిన భాగమును బట్టి పోయినదానిని రాబట్టుకొను గణితము అందున్నది. అత్యధిక స్థాయిలో రూపొందించినచో సుమారు 30 శాతము చెడినను అది చదువబడును. నేడు మన ఊళ్ళలో కూరగాయల బండిపై కూడ అది కానవచ్చుచున్నది. అచ్చట దానిని నమ్ముటకు కారణము వేరు. సొమ్ము ఎవరికి, ఎంత పోవుచున్నదో ఫోనులో కనబడును. అమ్మినవాని చెవికి ఆ వార్త చేరును. తప్పు జరిగినచో ఇరువురకును అప్పటికప్పుడే తెలియును. ఓటు అట్టిది కాదు. అది రహస్యము. పెట్టెలో పడిన తరువాత ఏ కాగితము ఎవరిదో చెప్పుటకు వీలుండదు, ఉండరాదు కూడ. కావున ఓటరు తన ఓటును సరిచూచుకొనదగిన సమయము, కాగితము అతని చేతిలోనున్న ఆ కొద్ది క్షణములే.

రెండు వ్రాతలను వ్రాయుచున్నది ఒకే యంత్రము. యంత్రమున దుష్ట ప్రోగ్రాము చొరబడినచో పేర్లను ఒక రీతిగను, గుర్తును వేరొక రీతిగను వ్రాయవచ్చును గదా అనునది నిపుణుల శంక. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జె. అలెక్స్ హాల్డర్‌మన్ ఈ యంత్రములను పరీక్షించి, అట్లు జరుగుటకు అవకాశమున్నదని న్యాయస్థానమునకు తెలిపెను. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 2022 జూనులో ఈ యంత్రములందలి తొమ్మిది లోపములను ప్రకటించినది. అయితే ఏ ఎన్నికలోను ఎవరైనను ఆ లోపములను వాడుకొన్నట్లు ఆధారము లేదనియు అదే ప్రకటనలో చెప్పినది. ఈ రెండు వాక్యములను కలిపి చదువవలెను. మొదటి వాక్యమును మాత్రమే పట్టుకొన్నవారు ఎన్నికలన్నియు మోసమనిరి. రెండవ వాక్యమును మాత్రమే పట్టుకొన్నవారు చింతింపనక్కరలేదనిరి.

2020 అధ్యక్ష ఎన్నిక ఇందుకు మంచి ఉదాహరణము. జార్జియాలో పోలైన సుమారు 50 లక్షల ఓట్లలో జో బైడెన్‌కు వచ్చిన ఆధిక్యము తుది లెక్కలో 11,779 మాత్రమే. ఇంత స్వల్పమైన తేడాపై అనుమానములు చెలరేగుట సహజము. అధికారులు ఓటుపత్రములన్నింటిని చేతితో లెక్కించిరి. యంత్రము ముద్రించిన పత్రములలో వారు చదివినది క్యూఆర్ కోడ్‌ను కాదు, పేర్లను. స్వల్పమైన హెచ్చుతగ్గులు తప్ప ఫలితము మారలేదు. చదరపు గుర్తు ద్వారా ఆ ఎన్నికను దొంగిలించిరను వాదము అక్కడ నిలువలేదు. కాని ఆ వాదమును నిలువకుండ చేసినది కూడ మనుష్యులు చదువగల అక్షరమే అని గమనింపవలెను.

అక్షరములున్నంత మాత్రమున సరిపోవునా? యంత్రము పేర్లను, గుర్తును రెంటిని ఒకే రీతిగ మార్చినచో చేతి లెక్కింపు సైతము పట్టలేదు, ఓటరే పట్టవలెను. 2020లో వెలువడిన మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధన ఈ అంశమును పరీక్షించినది. నమూనా ఎన్నికలో 241 మందికి, వారి ఎంపికలలో ఒకదానిని కావలెనని మార్చి ముద్రించిన పత్రము లిచ్చిరి. ప్రత్యేకముగ హెచ్చరింపనప్పుడు పత్రమును పరిశీలించి చూచినవారు నూటికి 40 మంది. తప్పును గుర్తించి సిబ్బందికి చెప్పినవారు నూటికి ఏడుగురు కూడ లేరు. పత్రము చేతికి వచ్చిన తరువాత సరిచూచుకొనుడని నోటితో చెప్పినప్పుడు గుర్తించినవారి సంఖ్య పెరిగినది. చదువగలుగుట వేరు, చదువుట వేరు. అయినను ఓటరు చదువదలచినచో చదువుటకు వీలైనది ఎదుట నుండవలెను గదా. పేర్లను సరిచూడని ఓటరును అశ్రద్ధపరుడనవచ్చును; చదరపు గుర్తును సరిచూడలేదని ఎవరినీ నిందింపలేము.

వ్రాతలు రెండైనచో ఏది ఓటు అను ప్రశ్న ఊహామాత్రము కాదనుటకు 2023 నవంబరులో పెన్సిల్వేనియా రాష్ట్రపు నార్తాంప్టన్ కౌంటీలో జరిగిన సంఘటన సాక్ష్యము. ఇద్దరు న్యాయమూర్తులను పదవిలో కొనసాగింపవలెనా వద్దా అని అచ్చటి ఓటర్లను అడిగిరి. వేరొక సంస్థ తయారుచేసిన అచ్చటి యంత్రములందు, ఒకరికి ఔననియు మరొకరికి కాదనియు చెప్పిన ఓటరు కాగితముపై ఆ సమాధానములు తారుమారుగ ముద్రింపబడినవి. సిబ్బంది అమరికలో చేసిన పొరపాటు దీనికి కారణము. యంత్రము లోపల ఓట్లు సరిగనే నమోదైనవని అధికారులు తెలిపిరి. అది నిజమే కావచ్చును. కాని, “మీ కంటికి కనబడినది తప్పు, మాకు కనబడినది ఒప్పు” అని ఓటరుతో చెప్పవలసివచ్చుట ఏ ఎన్నికకైనను మంచిది కాదు.

కొలరాడో రాష్ట్రము 2019లోనే ఓట్ల లెక్కింపునకు క్యూఆర్ కోడ్ వాడకమును మానుకొన నిశ్చయించినది. జార్జియా గవర్నరు బ్రయన్ కెంప్ 2024 మేలో సంతకము చేసిన చట్టము, 2026 జూలై 1 తరువాత క్యూఆర్ కోడ్ ఆధారముగ ఓట్లు లెక్కింపరాదని విధించినది. న్యాయస్థానములోని దావాను 2025 మార్చిలో కొట్టివేసిరి. యంత్రములు నిర్దోషములని న్యాయమూర్తి తేల్చి కాదు. దావా వేయుటకు తగిన నష్టమును వాదులు నిరూపింపలేదను కారణముచేత. ఇట్లు ఒకే విషయమున శాసనసభ ఒక మార్గమునను, న్యాయస్థానము మరియొక మార్గమునను నడిచినవి. ఇందు మరువరాని సంగతి ఒకటి కలదు. చూపు లేనివారు, చేతులు స్వాధీనములో లేనివారు ఇతరుల సాయము లేకుండ రహస్యముగ ఓటు వేయుటకు ఇట్టి యంత్రములు ఎంతయో తోడ్పడినవి. కావున యంత్రమును పారవేయుట పరిష్కారము కాదు. యంత్రము ముద్రించిన పేర్లనే లెక్కకు తీసికొనుటయు, ఆ లెక్కను కొన్ని పత్రముల చేతి లెక్కింపుతో సరిచూచుటయు పరిష్కారము.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. భారతదేశమున ఓటు వేసిన వెంటనే వీవీప్యాట్ యంత్రపు కిటికీలో అభ్యర్థి పేరును, గుర్తును గల చీటీ ఏడు సెకండ్లు కనబడును. నారా చంద్రబాబునాయుడు మొదలగు ప్రతిపక్ష నాయకులు వేసిన వ్యాజ్యములో, ప్రతి శాసనసభా నియోజకవర్గమున ఒకదానికి బదులు ఐదు యంత్రముల చీటీలను లెక్కింపవలెనని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న ఆదేశించినది. చీటీలన్నింటిని లెక్కింపవలెనను కోరికను 2024 ఏప్రిల్ 26న తిరస్కరించుచు, చీటీలను యంత్రముతో లెక్కించుటకు వీలున్నదా, గుర్తుతో పాటు పార్టీకొక బార్ కోడ్ ముద్రింపవచ్చునా అను సూచనను పరిశీలింపవలసినదిగ ఎన్నికల సంఘమునకు తెలిపినది. జార్జియా అనుభవము ఈ సూచనకు అడ్డు చెప్పదు, హద్దు చెప్పును. బార్ కోడ్ లెక్కను త్వరపరచు పనిముట్టుగ నుండవచ్చును. వివాదము వచ్చినప్పుడు ఓటుగ నిలువవలసినది మాత్రము ఓటరు కంటికి కనబడిన గుర్తే.

1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై అతని గుర్తును అంటించిరి. నాటి ఓటర్లలో అత్యధికులు చదువు రానివారు. వారికి చదువు వచ్చువరకు ఓటును ఆపలేదు. వారు పోల్చుకొనగల రూపమునే ఓటుకు ఇచ్చిరి. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఎన్నికల గుర్తులను గూర్చి చెప్పునప్పుడు ఈ సంగతిని కూడ విద్యార్థులకు చెప్పవచ్చును. లెక్కించు సాధనములు కాలానుగుణముగ మారుచునే యుండును. ఏ కొత్త సాధనము వచ్చినను దానిని అడుగవలసిన మొదటి ప్రశ్న ఒకటియే: తన ఓటు తాను వేసినట్లే ఉన్నదని ఓటరు ఎవరినీ అడుగకుండ తెలిసికొనగలడా?