కార్నర్‌లో నిలబడ్డ పోరగాడికి ఒక్క సీజనన్నా ఇద్దాం

తెలుగు టైటాన్స్ మ్యాచ్ ఉన్న రోజు మా హాస్టల్ టీవీ రూమ్‌లో ఒక మాట తప్పకుండా వినపడుతది: "ఈణ్ణెవడు తీసుకున్నడ్రా!" ఆ మాట రైడర్‌ని అనరు. రైడర్ ఖాళీగా వస్తే "పర్లేదు మామా, నెక్స్ట్ కూతలో తెస్తడు" అంటం. అదే కొత్తగా వచ్చిన కార్నర్ డిఫెండర్ చేతిలోంచి ఒక్క కాలు జారిందనుకోండి, రిప్లే అయిపోకముందే వాడి మీద మీమ్ తయారు. వాడికెంత, ఇరవై ఏళ్లుంటయ్. మన సెకండియర్ వాళ్ల వయసు.

కబడ్డీ తెలియనివాళ్లు మనలో తక్కువే. కానీ కార్నర్ పని ఏందో ఆలోచించినవాళ్లు ఇంకా తక్కువ. ఏడుగురి వరుసలో రెండు చివర్లా ఉండేవాళ్లు కార్నర్లు. కూతకొచ్చినోడి దగ్గర 30 సెకన్లుంటయ్. ఎటు పోవాలె, ఎప్పుడు పోవాలె అన్నది వాడిష్టం. కార్నర్ మాత్రం వాడి కాలి మీదే కన్నేసి ఆగాలి. కొంచెం ముందు దూకితే "అంత తొందరేంది" అని మనమే తిడతం. కొంచెం ఆగితే అవతలోడు బోనస్ తీసుకొని చక్కా పోతడు. కాలు దొరికినా, పక్కనున్న కవర్ అర సెకను లేటుగా వస్తే పాయింట్ పాయె. స్క్రీన్ మీద బోర్లా పడి కనిపించేది మాత్రం కార్నరే.

లీగ్ లెక్కే చూడండి. రైడర్ ఒక మ్యాచ్‌లో 10 పాయింట్లు తెస్తే సూపర్ టెన్. డిఫెండర్‌కి 5 వస్తే చాలు, హై ఫైవ్. పట్టు ఎంత కష్టమో లెక్క పెట్టినోళ్లకు తెలుసన్నమాట. పైగా మంచి కార్నర్ చేసే పనిలో సగం స్కోర్‌బోర్డుకు ఎక్కదు. వాడికి భయపడి రైడర్ అటువైపు పోకుండా ఖాళీగా తిరిగొచ్చాడు, మళ్లీ ఇంకోసారి ఖాళీగా వచ్చాడు. మూడోది డూ ఆర్ డై. అప్పుడు తప్పక ఇంకో వైపు దూరి ఎవరికో దొరికిపోయాడు. పాయింట్ ఆ పట్టినోడికి. మొదటి రెండు కూతల్లో భయపెట్టినోడికి సున్నా.

డాలస్‌లో ఉండే మా బావ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చోడు. అక్కడ కార్నర్‌బ్యాక్ అని ఒక స్థానం ఉంటది. బంతి అందుకోవడానికి ఉరికేవాణ్ణి అంటిపెట్టుకొని ఉరకడం వాడి పని. ఎటు మళ్లాలో ముందున్నోడికి తెలుసు, వెనకున్నోడికి తెలియదు. వాడు గట్టిగా కాపలా కాస్తే బంతి అటు విసరరు, మ్యాచ్ అంతా వాడి పేరే వినపడదు. 2022లో న్యూయార్క్ జెట్స్‌లో చేరిన సాస్ గార్డ్‌నర్ వచ్చిన ఏడాదే డిఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఇక ప్రతి కొత్తోడూ అట్లనే ఉండాలంటరు, అదెట్లయితది అని బావ గొణుగుడు.

మనకు ఆ కొలబద్ద ఫజల్ అత్రాచలి. 2015లో యూ ముంబాతో మొదలుపెట్టిన ఈ ఇరాన్ లెఫ్ట్ కార్నర్, ప్రో కబడ్డీలో అందరికంటే ఎక్కువ ట్యాకిల్ పాయింట్లు సాధించినోడు. ఎన్నో సీజన్లు ఆడిన ఫజల్‌ని, రెండో మ్యాచ్ ఆడుతున్న పోరణ్ణి పక్కపక్కన పెట్టి చూస్తం. ఫ్రెషర్ ఉద్యోగానికి మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ అడిగే కంపెనీలను తిట్టేది కూడా మనమే!

కోపం ఊరికే రాలేదు, ఒప్పుకుంటా. 8, 9, 10 సీజన్లు కలిపి 66 మ్యాచుల్లో టైటాన్స్ గెలిచినవి 5. మూడుసార్లూ అట్టడుగే. అభిమానికి కడుపు మండదా? మండాలె. కానీ పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని అప్పటికి లీగ్ రికార్డు ధరకు, 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. ఆ ఏడాది గెలిచినవి 2. తప్పు పవన్‌ది కాదు, అంత పెద్ద రైడర్ ఒక్కడే మ్యాచులు గెలిపించలేడు. కార్నర్, కవర్ ఒకరి అడుగు ఒకరికి తెలిసేదాకా కలిసి ఆడితేనే పట్టు కుదురుతది. రెండు మ్యాచులకే పిల్లగాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టమంటే ఆ జోడీ ఎప్పుడు కుదరాలె?

ఇదంతా టీవీలో చూసి తెలుసుకున్నది కాదు. మాది తిరుమలగిరి, సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద. మా ఊరి తమ్ముడొకడు నాకు రెండేళ్ల జూనియర్‌గా ఇక్కడే చేరిండు. ఊళ్లో సంక్రాంతి పోటీల్లో లెఫ్ట్ కార్నర్. కాలు దొరికితే ఇడిచేటోడు కాదు. కాలేజీ టీమ్‌కి సెలెక్ట్ అయితే ఊరంతటికీ నేనే చెప్పిన. మొదటి ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లో హాఫ్ టైమ్‌లోపే నాలుగు పట్లు జారినయ్. "దిగిపోరా" అని గ్యాలరీ అంతా ఒకటే అరుపు. సెకండ్ హాఫ్‌లో వాణ్ణి దించేసిండ్రు. అరిచినోళ్లలో నేనూ ఉన్న.

చాన్నాళ్లకు మెస్‌లో అడిగితే చెప్పిండు: "అన్నా, మట్టి మీద రైడర్ మళ్లేటప్పుడు కాలు కొంచెం జారుతది. నేను ఆ జారుడు కోసం ఆగి పడతా. మ్యాట్ మీద బూట్లేసుకున్నోడు జారడు. ఆ రోజే తెలిసింది నాకు." నాలుగు పట్లు ఎందుకు తప్పినయో వాడికి ఆ రోజే అర్థమైంది. సరిచేసుకునే రెండో మ్యాచ్ మాత్రం రాలేదు. వాడు గ్రౌండ్‌కి రావడం మానేసిండు.

వచ్చే నెల ఇంటర్ ఇయర్ పోటీలున్నయ్. లిస్ట్ నోటీస్ బోర్డు మీద పెట్టిండ్రు. వాడి పేరు లేదు. పేర్లిచ్చేందుకు శుక్రవారం దాకా టైముంది, ఇవాళ రాత్రి వాడి రూమ్‌కి పోతున్న.