పైమట్టి తీయకముందే ఒకసారి నడవండి

గుట్టల పక్కన బతికే రైతులకు, గొర్లకాపరులకు, పంతుళ్లకు, సర్పంచులకు ఒక విన్నపం.

మీ ఊరి గుట్టకు క్వారీ లీజు వస్తోందని తెలిస్తే, యంత్రాలు దిగేలోపు ఆ నేలంతా ఒక్కసారి నడిచి చూడమని వేడుకుంటున్నాను. క్వారీలో అన్నిటికంటే ముందు పోయేది పైమట్టి. రాయి కావలసినవాళ్లకు అది అడ్డం, జేసీబీతో గీకి పక్కన పోస్తారు. పాతకాలపు మనుషుల ఆనవాళ్లు చాలావరకు ఉండేది ఆ మోకాలిలోతు మట్టిలోనే: కుండపెంకులు, నూరిన రాతిగొడ్డళ్లు, ఇనుప చిట్టెం, రాకాసిగుళ్ల (పాతకాలపు రాతి సమాధుల) చుట్టూ పేర్చిన గుండ్లు. పాత పాలమూరు జిల్లా ఉట్నూరులో పైకి ఉత్త బూడిదకుప్పలా కనబడిన దిబ్బను పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ తవ్విస్తే, అది కొత్తరాతియుగపు పశువుల దొడ్డి అని తేలింది. గిట్టల అచ్చులు కూడా అందులో నిలిచి ఉన్నాయి!

తవ్వితేనే కదా ఇవి బయటపడేది అంటారు. నిజమే. 1863లో మద్రాసు దగ్గరి పల్లవరంలో, కంకర తీసిన గుంతలోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు రాతిగొడ్డలి దొరికింది. కర్నూలు సీమ జ్వాలాపురంలో జనం బూడిద తవ్వుకునే గుంతల దగ్గరే, దాదాపు 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. రెండుచోట్లా గుంత తెరిచి ఉన్నప్పుడు తెలిసిన కన్ను అటు వచ్చింది. రాని చోట్ల ఏం పోయిందో ఎవరు చెప్పగలరు?

కేంద్రం రక్షించే కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల దాకా తవ్వకం నిషేధం, ఆపై మరో 200 మీటర్లలో అనుమతి కావాలి. ఏ జాబితాకూ ఎక్కని నిలువురాయికి మాత్రం మీరే దిక్కు.

దుక్కి దున్నిన నేలమీద తొలకరి పడ్డాక పెంకులు కడిగినట్టు పైకి తేలతాయి. పదిమంది పదేసి అడుగుల ఎడంతో, కలుపు తీసేవాళ్లు సాళ్లు పట్టినట్టు, తల వంచుకుని నడవండి. ఆ గుట్టమీద మేకలు కాసిన పెద్దాయన్ని తప్పక వెంటబెట్టుకోండి, ఏ బండకింద ఏముందో ఆయనకే తెలుసు. కనబడినదాన్ని తీయొద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, ఫోన్‌లో ఆ చోటు గుర్తించండి. పార పట్టొద్దు; గుప్తనిధుల ఆశతో పాడైన సమాధులు ఇప్పటికే చాలు. సర్వే నంబరు రాసి తహసీల్దారుకు, గనుల శాఖకు, రాష్ట్ర పురావస్తు శాఖకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే అక్కడ చదివి నమోదు చేయించండి.

క్వారీ యజమానులకూ ఒక మాట. పని ఆపమనడం లేదు, ఆ కూలితోనే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. హద్దులకు సర్వేయరును పిలిచినరోజే పురావస్తువుల గురించి తెలిసినవారినీ పిలిపించి నడిపించండి. సమాధులున్న ముక్క వదిలి మిగతాది తవ్వుకోండి.

రేపు పంచాయతీ నోటీసు బోర్డు చూడండి. గుట్టకింద కొత్త హద్దురాళ్లు కనబడితే, ఈ ఆదివారమే బయల్దేరండి.